తొమ్మిది కింద గీత

“టీ చల్లారిపోతోందని చెప్పండి,” అంది కోడలు.

“ఎవరికి?” అన్నారు అత్తగారు.

“ఆయనకే.”

“ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి నా చేత కబురు పంపిస్తావేంటి? నేనేమైనా పోస్టు మనిషినా?”

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మామగారు పేపరు మడత మార్చారు. ఆ మాటలతో తనకేం పని లేనట్టే ఉన్నారు. కోడలు గ్లాసుని ఆయన చెయ్యందేంత వరకూ బల్ల మీద జరిపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె గుమ్మం దాటాకే ఆయన గ్లాసు అందుకున్నారు.

ఆదివారం నుంచి ఆ ఇంట్లో టీ ఇలాగే నడుస్తోంది. ఇవాళ గురువారం.

ఆదివారం పొద్దున కోడలు అన్నది పెద్ద మాటేం కాదు. “మిమ్మల్ని ఎవరు చెక్కమన్నారు మామయ్యగారూ?” అంది, అంతే. ఆయన లేచారు. లోపలికి వెళ్ళి, ఉలులూ సుత్తీ గుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేశారు. మూత చప్పుడు మాత్రం ఇల్లంతా వినపడింది.

ముందు గదిలో గోడవారగా ముప్పై క్యారియర్లు ఉన్నాయి. మూడేసి గిన్నెలు, పైన మూత, పట్టుకోడానికి పిడి. వరసకి ఆరు చొప్పున ఐదు వరసలు, బడిపిల్లలు ఫోటోకి నిలబడ్డట్టు. దూరం నుంచి చూస్తే అద్దాల్లా మెరుస్తాయి. దగ్గరికి వెళ్ళి ఏ మూతనైనా చూస్తే దాని మీద ఒక నంబరు. ఆ నంబరు గీతల్లో, గార పట్టిన పళ్ళ సందుల్లాగా, గోధుమరంగు తుప్పు.

ఫోనులో చూసి తెప్పించినప్పుడు వాటి బొమ్మ కింద రాసి ఉన్నది కోడలికి ఇప్పుడు కంఠతా వచ్చు. ‘పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టదు. ఆహారానికి సురక్షితం.’ ఆరేళ్ళు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా పోసి కొంది. సోమవారం నుంచి కంటి ఆసుపత్రి సిబ్బంది ముప్పై మందికి మధ్యాహ్నం భోజనం ఆమె పంపాలి. వాళ్ళతో మాట్లాడుకుని, తర్వాత చెల్లెలి ఇంటికి వెళ్ళి, రెండు రోజులకి తిరిగొచ్చేసరికి మామగారు ముప్పైకీ నంబర్లు చెక్కేసి ఉన్నారు. మూతకొకటి, గిన్నెకొకటి, మొత్తం నూట ఇరవై చోట్ల. ఎవరి మూత ఎవరి గిన్నెకి వెళ్ళిపోతుందోనని ఆమె ఒకరోజు భోజనాల దగ్గర అనుకుంటే విన్నారట.

నలభై ఏళ్ళు అదే ఆయన పని. గిన్నెల మీద పేర్లు, షీల్డుల మీద విజేతలు, తలుపుల మీద ఇంటి నంబర్లు. కంప్యూటరు మెషీన్లు వచ్చాక కొట్టు మూసేశారు. ఆ తర్వాత రెండేళ్ళకి మళ్ళీ ఉలి పట్టింది ఈ క్యారియర్ల కోసమే.

మర్నాటికి, ఆదివారం పొద్దునకి, నంబర్లు తుప్పు పట్టాయి.

వాపసు తీసుకోమని ఆదివారమే రాసింది కోడలు. మంగళవారం జవాబు వచ్చింది. ‘వస్తువు మీద కొనుగోలుదారు గుర్తులు చెక్కినందున వాపసు కుదరదు.’ బుధవారం ఆమె భర్త ఆ ఫోను తీసుకుని, కారణం మార్చి ఇంకో ఫిర్యాదు పెట్టాడు. ‘ఎవరో వాడిన పాత సామాను పంపారు. పెట్టె విప్పేసరికే నంబర్లు ఉన్నాయి.’ దానికి మాత్రం గంటలో జవాబు వచ్చింది. గురువారం మధ్యాహ్నం తనిఖీకి మనిషిని పంపుతామని.

వాపసుకి ఏడు రోజుల గడువు. అది ఇవాళ సాయంత్రం ఆరింటితో అయిపోతుంది.

*

భర్త జెరాక్స్ మెషీన్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చి, అందర్నీ ముందు గదిలో కూర్చోబెట్టాడు.

“ఒకటే మాట. పెట్టె విప్పాం, నంబర్లు ఉన్నాయి. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువొద్దు.”

“నాకు అబద్ధాలు ఆడటం రాదురా,” అన్నారు అత్తగారు.

“మొన్న పక్కింటావిడ నిచ్చెన అడిగితే విరిగిపోయిందన్నావుగా?”

“అది అబద్ధం కాదు, జాగ్రత్త.”

“ఇదీ జాగ్రత్తే అనుకో. నాన్నా, మీరు లోపల గదిలో ఉండండి.”

మామగారు పేపరు దించలేదు. “ఇక్కడ కూర్చుంటే కూడా అబద్ధమవుతుందా?”

“కూర్చోండి. మాట్లాడకండి చాలు.”

“నాలుగు రోజులుగా అదే చేస్తున్నాను.”

ఆ మాట కోడలి వైపు వచ్చింది కానీ ఆమె దాకా రాలేదు. మధ్యలో అత్తగారు దగ్గారు.

కోడలు క్యారియర్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఫిర్యాదు రాసింది భర్తే. కానీ ఫోను ఆమెది, తాళం తీసి ఇచ్చింది ఆమె. నిన్న రాత్రి అతను టైపు చేస్తుంటే పక్కన కూర్చుని చూసింది కూడా. వద్దనలేదు. ముప్పై మంది భోజనాలు ఒక వైపు, రెండు లైన్ల అబద్ధం ఒక వైపు పెడితే, నిన్నటికి ఆ తక్కెడ ఎటు మొగ్గిందో ఆమెకి తెలుసు.

వీధి చివర గిన్నెల కొట్టాయన నిజం స్టీలు క్యారియర్లు ముప్పై పక్కన పెడతానన్నాడు. శనివారం దాకానే. డబ్బు చేతిలో పడితేనే.

మూడున్నరకి బెల్లు మోగింది.

*

తనిఖీకి వచ్చింది నలభై దాటిన ఆవిడ. హెల్మెట్ తియ్యకుండానే లోపలికి వచ్చి, కూర్చున్నాక తీసి ఒళ్ళో పెట్టుకుంది. మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు.

“పాత సామాను వచ్చిందన్నది మీరేనా? నా దగ్గర ఇరవై నిమిషాలే ఉన్నాయి. ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. ఒకాయన దుప్పటి అడిగితే కర్టెన్ వచ్చిందంటాడు, పక్క వీధిలో ఒకావిడ కర్టెన్ అడిగితే దుప్పటి వచ్చిందంటుంది. వాళ్ళిద్దర్నీ పరిచయం చేసేస్తే ఇక నా ఉద్యోగంతో పనే లేదు.”

అత్తగారు నవ్వారు. భర్త కాస్త ఎక్కువగా నవ్వాడు. కోడలు మంచినీళ్ళు ఇచ్చింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మూతా ఎత్తి చూడటం మొదలుపెట్టింది. ఫోనుతో ఫోటోలు తీసింది. గిన్నె బోర్లించి అడుగున చూసింది.

“అయ్యో, అయ్యో. ఎక్కడో క్యాంటీన్ మూసేస్తే తూకానికి కొని అంటగట్టినట్టున్నాడు. చూడండి ఈ నంబర్లు. మెషీను మీద పడినవి కావివి. చేత్తో కొట్టాడు ఎవడో చేతకానివాడు.”

“అదే మేమూ అనుకున్నామండీ,” అన్నాడు భర్త.

కిటికీ దగ్గర పేపరు కదల్లేదు. కోడలు అటు చూసింది. ఆయన అదే పేజీ చదువుతున్నారు. అరగంటగా అదే పేజీ.

“ఇదిగో, తొమ్మిది దగ్గర చెయ్యి జారినట్టుంది. కింద గీత పడిపోయింది. ఆరు దగ్గరా అంతే. పంతొమ్మిది దగ్గరా. పాపం, తాగి కొట్టాడేమో.”

“అయ్యుండొచ్చండీ,” అన్నాడు భర్త.

“చెయ్యి జారలేదు.”

గొంతు పేపరు వెనక నుంచి వచ్చింది. ఆవిడ తలెత్తింది.

“నాన్నా,” అన్నాడు భర్త.

మామగారు పేపరుని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచారు. లేచి వచ్చి, ఆవిడ చేతిలోని గిన్నె తీసుకుని, నేల మీద బోర్లించారు.

“కడిగిన గిన్నె ఇలా బోర్లిస్తారా లేదా? ఎటు నుంచి చూస్తే అటు కనపడుతుంది. ఇటు నుంచి తొమ్మిది, అటు నుంచి ఆరు. ఆరో నంబరాయనకి ఉప్పు పడదనుకోండి. తొమ్మిదో నంబరాయన గిన్నె ఆయనకి వెళ్తే ఏమవుతుంది? అందుకని కింద గీత పెడతాం. గీత ఎటుంటే అటు కింద. నలభై ఏళ్ళుగా పెడుతున్నాను. జారడం కాదమ్మా అది. ఆ గీత లేకుండా ఆరు చెక్కినవాణ్ణి నేనైతే పనిలో పెట్టుకోను.”

“మీరు చెక్కారా ఇవి?” అంది ఆవిడ.

“నూట ఇరవై చోట్ల. ఒక్కచోట కూడా చెయ్యి జారలేదు. కావాలంటే అద్దం పెట్టి చూసుకోండి.”

 అత్తగారు పైట చెంగుతో, దుమ్ము లేని బల్లని తుడిచారు.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. “ఫిర్యాదులో మాత్రం ఇంకోలా ఉందే.”

“పెద్దాయన కదండీ,” భర్త గొంతు తగ్గించాడు. చూపుడు వేలు తన కణత దగ్గరికి తీసుకెళ్ళి చిన్నగా తిప్పాడు. “ఈ మధ్య కాస్త... అన్నీ తనే చేశాననుకుంటారు.”

మామగారు ఆ వేలు చూశారు.  

“ఆయనకేం కాలేదు,” అంది కోడలు.

ఎవరు మాట్లాడారో అర్థం కానట్టు భర్త చుట్టూ చూశాడు.

“ఆయన చెప్పిందే నిజం. నంబర్లు ఆయనే చెక్కారు, ఇక్కడే కూర్చుని. మేం రాసింది అబద్ధం. ఫోను నాది, ఫిర్యాదు నా పేరు మీద ఉంది. కాబట్టి అబద్ధం నాదే.”

*

“అయితే నా పని తేలికైంది,” అంది ఆవిడ. “ఫిర్యాదు కొట్టేసి వెళ్ళిపోతాను.”

“కొట్టేయండి. కానీ ఒక్కదానికి సమాధానం చెప్పి కొట్టేయండి. స్టీలని రాసి అమ్మారు. స్టీలు మీద గీత గీస్తే తుప్పు పడుతుందా?”

“పడుతుందనే అంటారు అమ్మేవాళ్ళు. చెక్కినందువల్లే తుప్పు పట్టిందని. నాకు లోహాల సంగతి తెలీదమ్మా. నేను చూసేది పెట్టె, సీలు, బొమ్మలో ఉన్న రంగు వచ్చిందా లేదా. అంతవరకే.”

“తెలిసినవాళ్ళు చూపిస్తే చూస్తారా?”

“ఎవరు చూపిస్తారు?”

కోడలు అత్తగారి వైపు చూసింది, అలవాటుగా. అత్తగారు తల అడ్డంగా ఊపారు. “నన్ను చూడకు. నా పోస్టు ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా ఇచ్చేశాను.”

“మామయ్యగారూ,” అంది కోడలు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఆ పిలుపు. “చూపించండి.”

ఆయన లోపలికి వెళ్ళారు. ట్రంకు పెట్టె మూత తెరుచుకుంది. ఈసారి చప్పుడు కాలేదు.

గుడ్డ మూట విప్పి, సన్నటి ఉలి ఒకటి ఎంచుకుని, వంటింట్లోంచి రోజూ మంచినీళ్ళు తాగే స్టీలు గ్లాసు తెమ్మన్నారు. అది పాతికేళ్ళ కిందటిది. నేల మీద గోనెగుడ్డ పరిచి, గ్లాసుని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు.

“కొత్తగా గీతలు పడితే నా పీకల మీదికొస్తుంది,” అంది ఆవిడ. కానీ ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టింది. “ఒక్కటే. ఏ క్యారియరో, ఎక్కడ గీస్తున్నారో గట్టిగా చెప్పి గీయండి.”

“తొమ్మిదో నంబరు. మూత లోపలి వైపు. వేలెడు గీత.”

టక్. టక్. టక్. ముందు గ్లాసు మీద, తర్వాత మూత మీద. రెండు గీతలూ ఒకే పొడుగు, ఒకే లోతు. గ్లాసు మీద గీత తెల్లగా మెరిసింది. మూత మీద గీత అంచున మెరుపు, మధ్యలో బూడిదరంగు.

“స్టీలు పైనా లోపలా ఒకటే. ఎంత లోతు గీసినా అదే,” అన్నారు మామగారు. “దీనికి పైన పూత ఉంది. గీస్తే పూత పోతుంది, కిందున్నది బయటపడుతుంది.”

“పైన పటారం, లోన లొటారం,” అన్నారు అత్తగారు వీడియోలో తన గొంతు కూడా పడేలా.

“రంగు తేడా ఫోటోలో తెలీదండీ,” అంది ఆవిడ.

“ఉప్పునీళ్ళు పెట్టి గంట వదిలేస్తే తెలుస్తుంది.”

కోడలు చెంచాతో ఉప్పునీళ్ళు తెచ్చి రెండు గీతల మీదా చుక్కలు వేసింది. ఆవిడ గడియారం చూసుకుంది. నాలుగు కావడానికి పది నిమిషాలు.

“పక్క వీధిలో దుప్పటావిడని చూసొస్తాను. ఐదింటికి వస్తాను. ఈలోగా వాటిని ఎవరూ ముట్టుకోకండి.” హెల్మెట్ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. “పెద్దాయనా, చేతకానివాడన్నాను. ఏమనుకోకండి.”

“అనుకున్నాను కాబట్టే నోరు విప్పాను,” అన్నారాయన.

*

ఆ గంట ఎంతకీ జరగలేదు. గది మధ్యలో ఒక గ్లాసు, ఒక మూత. వాటి చుట్టూ నలుగురు.

“నా పరువు తీశావు,” అన్నాడు భర్త, తండ్రి పెరట్లోకి వెళ్ళాక.

“మీరు మీ నాన్నగారి మతి తీసేశారుగా. అంతకన్నానా?”

“నేనెవరికోసం చేశాను? నాకోసమా? ఆ డబ్బు నీదే, ఆ పని నీదే, ఆ ఆసుపత్రి నీదే.”

“నాకోసమే. అందుకే మీరు రాస్తుంటే నేనూ నోరు మూసుక్కూర్చున్నాను. మీ ఒక్కరిదే తప్పని నేనెక్కడా అనలేదు.”

“అనకపోతే నాలుగు రోజులు ఆయనతో మాట్లాడకుండా ఎందుకున్నావు? మొదలుపెట్టింది నువ్వే కదా. ఎవరు చెక్కమన్నారని అడిగింది నువ్వే కదా.”

 కోడలు గోడవార ఉన్న వరసల వైపు తిరిగింది.

“ఆయన చెక్కకపోయుంటే మనకి తెలిసేది కాదు,” అంది. “సోమవారం ముప్పై మందికీ వాటిల్లోనే పంపేదాన్ని. ఆరు నెలలకి పూత లేచిపోయాక, ఎవరి అన్నంలోనో తుప్పు కనపడేది. అది ఆదివారం నాకు తోచలేదు. నా డబ్బు పోయిందన్నదే తోచింది.”

“ఈ మాట పెరట్లోకి వెళ్ళి చెప్పు,” అన్నారు అత్తగారు. “నేను మొయ్యను.”

ఆమె లేవబోతుండగా ఫోను మోగింది. కంటి ఆసుపత్రి మేనేజరు. సోమవారం ఖాయమేనా అని అడిగాడు. శనివారం మధ్యాహ్నం ఒకసారి వచ్చి వంటగదీ, క్యారియర్లూ చూసి వెళ్తానన్నాడు. ఇంకో ఇద్దరు కూడా ఈ పని కోసం అడుగుతున్నారని, తొందరపెట్టడం కాదని, ఊరికే చెబుతున్నానని అన్నాడు.

“రండి సార్,” అంది కోడలు. “అన్నీ సిద్ధంగా ఉంటాయి.”

భర్త ఆమెనే చూస్తున్నాడు. “ఇది జాగ్రత్తా, అబద్ధమా?”

ఆమె ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. పెరట్లోకి వెళ్ళలేదు.

*

ఆవిడ ఐదు దాటిన ఐదు నిమిషాలకి వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మూత మీది చుక్క టీ డికాక్షన్ రంగులోకి తిరిగి ఉంది. గ్లాసు మీది చుక్క వేసినప్పటిలాగే తేటగా ఉంది. గుడ్డతో తుడిస్తే గ్లాసు గీత తెల్లగానే మిగిలింది. మూత గీతలో తుప్పు అలాగే ఉండిపోయింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి వీడియో తీసింది. తర్వాత కోడలిని కూర్చోబెట్టి, పాత కారణం తనే కొట్టేసి కొత్తది రాయించింది. ‘స్టీలని చెప్పి పూత వేసిన ఇనుము అమ్మారు. నంబర్లు మా మామగారు చెక్కారు. చెక్కడం వల్లే అసలు లోహం బయటపడింది. నిన్నటి ఫిర్యాదులో రాసింది తప్పు, దానికి బాధ్యత నాది.’

“చివరి లైను అవసరమా?” అన్నాడు భర్త.

“అవసరమే,” అంది ఆవిడ. “అది లేకపోతే మిగతాది ఎవరూ నమ్మరు.”

తర్వాత బయట మెట్ల మీద నిలబడి ఎవరితోనో పావుగంట ఫోనులో మాట్లాడింది. ‘లేదండీ, నేను కళ్ళారా చూశాను’ అన్నది మూడుసార్లు వినపడింది. ఒకసారి ‘అయితే మీరొచ్చి చూసుకోండి’ అన్నది కూడా.

ఆరు కావడానికి పన్నెండు నిమిషాలుండగా కోడలి ఫోను ఖణేల్‌మంది. ‘మీ వాపసు ఆమోదించబడింది.’

అత్తగారు రెండు చేతులూ జోడించి, ఫోనుకో, ఫ్యానుకో తెలీకుండా దణ్ణం పెట్టారు. భర్త నిట్టూర్చి సోఫాలో వెనక్కి వాలాడు. కోడలు మళ్ళీ మళ్ళీ అదే లైను చదివింది.

“రేపు పదింటికి బండి వస్తుంది,” అంది ఆవిడ. “ముప్పై లెక్కపెట్టుకుని ఎక్కించుకుంటారు. సామాను వాళ్ళ చేతికందిన గంటలో డబ్బు పడుతుంది. ఒకటే షరతు. ఇవాళ నేను తీసిన ఫోటోల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఒక్క గీత ఎక్కువున్నా బండివాడు ఎక్కించుకోడు, ఆమోదం రద్దయిపోతుంది. మళ్ళీ నేను కూడా ఏమీ చెయ్యలేను.”

“అర్థమైందండీ.”

“ఇవి తీసుకెళ్ళి ఏం చేస్తారు?” అన్నారు మామగారు.

ఆవిడ హెల్మెట్ పట్టీ బిగించుకుంటోంది. “అమ్మినవాడి గోడౌనుకి వెళ్ళిపోతాయి పెద్దాయనా.”

“అక్కడ?”

“ఏముంది, నంబర్లు అరగదీస్తాడు, మళ్ళీ పూత పోస్తాడు. ఎవరో ఒకరు కొనుక్కుంటారు.”

“స్టీలని?”

“నేను అంత దూరం చూడనండీ. నాది పెట్టె, సీలు, రంగు,” అని ఆవిడ బండి స్టార్ట్ చేసింది.

*

మర్నాడు పొద్దున కోడలు ఎనిమిదిన్నరకి గిన్నెల కొట్టుకి వెళ్ళి, మధ్యాహ్నానికి డబ్బు తెస్తానని చెప్పి వచ్చింది. కొట్టాయన ముప్పై క్యారియర్లూ చూపించాడు. ఒకటి చేత్తో ఎత్తి చూసింది. బరువు తేడా చేతికే తెలిసింది.

తిరిగొచ్చేసరికి ముందు గదిలో గోడవార ఖాళీగా ఉంది.

 పెరటి తలుపు తీసి ఉంది. అటు వెళ్ళింది.

పెరటి మెట్టు మీద గోనెగుడ్డ. దాని పక్కన ఉలులు, చిన్నా పెద్దా వరసలో. ముప్పై మూతలూ ఎండలో పరిచి ఉన్నాయి, గిన్నెలు పక్కనే పేర్చి ఉన్నాయి. మామగారు వాటి మధ్యన పీట మీద కూర్చుని ఉన్నారు. చేతిలో సుత్తి లేదు. నల్ల స్కెచ్‌పెన్ను ఉంది.

ఆమె వంగి చూసింది. ప్రతి మూత మీదా, నంబరు పక్కన, స్కెచ్‌పెన్నుతో మూడు అక్షరాలు రాసి ఉన్నాయి. గుండ్రంగా, ఒకే కొలతలో, చెక్కేముందు ఆయన ఎప్పుడూ రాసుకునే పద్ధతిలో.

ఇనుము.

ముప్పై మూతల మీదా అదే మాట.

“మామయ్యగారూ, నిన్న ఆవిడేం చెప్పిందో విన్నారు కదా?”

“విన్నాను.”

“ఒక్క గీత పడినా డబ్బు రాదు.”

“అదీ విన్నాను. ఇది సిరా. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇంకా ఉలి పెట్టలేదు.”

“పెడదామనేనా?”

ఆయన స్కెచ్‌పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నారు. “నంబర్లు వాడు అరగదీయగలడు. మూతకి నాలుగు వైపులా, గిన్నెకి లోపలా బయటా ఈ మాట లోతుగా కొడితే అరగదీయలేడు. అరగదీస్తే చిల్లు పడుతుంది. ఇంక ఎవరికీ స్టీలని అమ్మలేడు.”

“మనకేం మామయ్యగారూ? ఎవరో ఎక్కడో కొనుక్కుంటే...” అని మొదలుపెట్టి, వాక్యం సగంలో వదిలేసింది. నిన్న సాయంత్రం భర్తతో తను అన్న మాటలే గుర్తొచ్చాయి. ఎవరి అన్నంలోనో, అన్నది తనే.

“నీకు సోమవారం ఉంది. తెలుసు,” అన్నారాయన. “డబ్బు నీది. వస్తువు నీది. ఎవరు చెక్కమన్నారని మొన్న అడిగావు. అడగాల్సిన మాటే. అప్పుడు నేను నిన్ను అడక్కుండా మొదలుపెట్టాను. ఇప్పుడు అడుగుతున్నాను. తుడిచెయ్యమంటే తుడిచేస్తాను, నా మనసులో ఏమీ ఉండదు. చెక్కమంటే చెక్కుతాను.”

“అన్నీ చెక్కడానికి టైమెక్కడుంది?” అంది. ఏం అడుగుతోందో ఆమెకే తెలీలేదు.

“మూతలకైతే సరిపోతుంది.”

లోపల అత్తగారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. భర్త స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. గడియారం ఎంతయిందో ఇక్కడికి కనపడదు.

కోడలు మెట్టు మీద కూర్చుంది. తడిగుడ్డ బకెట్ అంచున ఆరేసి ఉంది, ఆమె చేతికందేంత దూరంలో. ఉలులూ అంతే దూరంలో ఉన్నాయి.

వీధిలో బండి ఆగింది. ఇంజను ఆపకుండానే ఎవరో గేటు కొట్టారు.

“క్యారియర్లు ముప్పై! వాపసు సామాను!” అన్న కేక వినపడింది. “కాస్త ముందే వచ్చామమ్మా, ఈ వీధి అయిపోతే మళ్ళీ ఇటు రాం.”

“అమ్మాయ్!” అత్తగారు లోపల నుంచి పిలిచారు. “వచ్చేశారు. పట్టుకెళ్ళమననా?”

మామగారు గేటు వైపు చూడలేదు. అత్తగారి పిలుపుకీ తల తిప్పలేదు. ఒక మూతని ఒళ్ళోకి తీసుకుని, దాని మీద రెండు చేతులూ ఊరికే పెట్టుకుని, కోడలి ముఖం కేసి చూస్తూ కూర్చున్నారు.

“ఒక్క నిమిషం ఆగమనండి అత్తయ్యా,” అంది కోడలు.